వెదకుట వేఱు, చదువుట వేఱు: కంప్యూటరు గ్రంథాలయములలో బైబిలు పఠనము

ఒక గ్రంథము ఎంత ప్రాచీనమైనదో, దానిని చదువుటకు వలసిన సాధన సామగ్రియు అంత అధికముగా నుండును. మన భారతమును శ్రద్ధగా చదువగోరువానికి నిఘంటువు, వ్యాఖ్యానము, పాఠాంతరముల పట్టిక కావలసినట్లే, బైబిలును, ఆది క్రైస్తవ సంఘపు రచనలను చదువగోరువానికి హీబ్రూ గ్రీకు నిఘంటువులును, వ్యాకరణములును, వ్రాతప్రతుల వివరములును, సంఘ పితరుల సంపుటములును కావలెను. ఇవి యొకప్పుడు విశ్వవిద్యాలయములలో గాని, మతాచార్యులను తయారుచేయు కళాశాలలలో గాని తప్ప దొరకెడివి కావు. నేడు ఇవి యన్నియు కంప్యూటరు తెఱ మీదికి, చేతిలోని ఫోనులోనికి వచ్చి కూర్చున్నవి. ఈ మార్పువలన చదువరికి కలిగిన లాభమెంత, కలుగగల నష్టమెంత యని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ విచారణకు మాకు గల యర్హత స్వల్పము. మేము మెట్రిక్యులేషను వఱకే చదివినవారము. ముప్పది యేండ్లకు పైగా గుమాస్తా కొలువు చేసి విశ్రాంతి పుచ్చుకొన్నవారము. క్రైస్తవులము కాము, హీబ్రూ గ్రీకు భాషలలో మాకు ప్రవేశము లేదు. మా బళ్ళారిలో పొరుగున నున్న యొక వృద్ధ ఉపదేశిగారి సౌజన్యమున వారి కంప్యూటరులోని గ్రంథాలయమును తీరికగా చూచు నవకాశము లభించినది. కాగితముల గుట్టలోనుండి కావలసిన కాగితమును వెదకి తీయుట యెట్టిదో, తీసిన కాగితమును సరిగా చదువకున్న నేమి జరుగునో వృత్తిరీత్యా ఎఱిగినవారము. అంతియే కాక, పూర్వుల భాషకు దూరమైన యూరిలో బిడ్డలను పెంచినవారము గనుక, తనది కాని లిపి ద్వారా తనదైన వాఙ్మయమును అందుకొనవలసినవాని యవస్థయు మాకు తెలియును. ఈ రెండు కన్నులతోనే ఈ విషయమును చూచుచున్నాము.

ముందుగా పరికరముల మాట. అమెరికాలో 1992లో ప్రారంభమైన 'లోగోసు', 1994లో మాకింటాషు యంత్రముల కొఱకు వెలువడిన 'అకార్డెన్సు', 1992లోనే పుట్టిన 'బైబిలువర్క్సు' అనునవి ఈ రంగమున పేరొందినవి. వీనిలో మొదటి రెండును విలకు దొరకునవి. కేంబ్రిడ్జిలోని టిండేలు హౌసువారి 'స్టెప్ బైబిలు' వంటివి ఉచితముగా లభించుచున్నవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైను శాఖలో 1972లో ఆరంభమైన గ్రీకు వాఙ్మయ భాండాగారము వీనికంటె విస్తృతమైనది. హోమరు మొదలు 1453లో కాన్‌స్టాంటినోపులు పతనమగువఱకు గల గ్రీకు రచనలు, సంఘ పితరుల గ్రంథములతో కూడ, 11 కోట్లకు పైగా పదములుగా అందు చేరియున్నవి. ఈ సాధనములలో ఒక గ్రీకు మాటపై వ్రేలుంచిన చాలును. దాని ధాతువు, విభక్తి, కాలము, నిఘంటువులోని యర్థము, ఆ మాట వచ్చిన ఇతర స్థలములు క్షణములో ఎదుట నిలుచును.

పరికరములు క్రొత్తవే గాని, వాని వెనుకనున్న యవసరము మిక్కిలి పాతది. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున ఐగుప్తులోని అలెగ్జాండ్రియా నగరమందు యూదులు పెద్ద సంఖ్యలో స్థిరపడి యుండిరి. తరములు గడచిన కొలది వారి యింటి భాష గ్రీకు అయ్యెను; పూర్వుల హీబ్రూ పలువురకు కొఱుకుడు పడకుండెను. అందుచే ముందు ధర్మశాస్త్రమును, పిమ్మట తక్కిన గ్రంథములును గ్రీకులోనికి దింపబడినవి. దానినే 'సెప్టువజింటు' అందురు. ఆది క్రైస్తవులలో గ్రీకు తెలిసినవారు పాత నిబంధనను చదివినది ఈ యనువాదమందే. పరాయిగడ్డపై కాపురమున్న యొక సమాజపు ఇంటి యవసరము ఎంతటి గ్రంథమునకు హేతువయ్యెనో చదువరులు గమనింతురు గాక!

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున పాలస్తీనాలోని కైసరయలో ఓరిగెను అను పండితుడు ఒక మహాకార్యమునకు పూనుకొనెను. పాత నిబంధన పాఠములను ఆరు వరుసలుగా ప్రక్కప్రక్కన వ్రాయించెను. మొదటి వరుసలో హీబ్రూ మూలము. రెండవదానిలో అదే హీబ్రూ గ్రీకు అక్షరములలో. తక్కిన నాల్గింటిలో నాలుగు గ్రీకు అనువాదములు. హీబ్రూలో లేక గ్రీకులో మాత్రమే యున్న మాటల కొక గుర్తును, హీబ్రూనుండి తెచ్చి చేర్చిన మాటలకు నక్షత్రపు గుర్తును పెట్టెను. 'హెక్సాప్లా' అను ఆ గ్రంథము నేడు తునకలుగా మాత్రమే మిగిలినది. నాలుగవ శతాబ్దమున అదే కైసరయకు బిషప్పుగా నున్న యూసేబియసు నాలుగు సువార్తలను చిన్న ఖండములుగా లెక్కించి పది పట్టికలు కట్టెను. నాల్గింట గల విషయము మొదటి పట్టికలోను, ఒక్కొక్క సువార్తలో మాత్రమే యున్నది పదియవ పట్టికలోను చూడవచ్చును. కంప్యూటరు తెఱపై ప్రక్కప్రక్కన నిలుచు పాఠములు ఓరిగెను సంతతివి. ఒక సువార్తనుండి మఱియొకదానికి గెంతించు సంకేతములు యూసేబియసు సంతతివి.

పదసూచికకును వంశావళి కలదు. పదమూడవ శతాబ్దమున పారిసులో సెంట్ షేరు వాడైన హ్యూగో అను డొమినికను సన్న్యాసి పెక్కుమంది సహచరుల తోడ్పాటుతో లాటిను బైబిలునకు పదసూచిక కట్టించెను. అప్పటికి వచనములకు సంఖ్యలు లేవు. కావున అధ్యాయమును ఏడు భాగములు చేసి అక్షరములతో గుర్తించిరి. క్రొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలను 1551లో రాబర్టు ఎస్తియెన్ను అను ముద్రాపకుడు వేసెను. 1890లో వెలువడిన స్ట్రాంగు పదసూచిక ప్రతి మూలపదమునకు నొక సంఖ్య నిచ్చినది. భాష రానివాడును అంకెను పట్టుకొని నిఘంటువునకు పోగలిగినది అప్పుడే. నేటి సాఫ్టువేరులో పలువురు వాడుకొనుచున్నవి ఆ యంకెలే.

ఈ పనికి యంత్రమును తెచ్చిన మొదటివారిలో రాబర్తో బూసా అను ఇటలీ దేశపు జెస్యూటు పాదిరి ముఖ్యుడు. ఆయన తామస్ అక్వినాసు గ్రంథములలో 'సాన్నిధ్యము' అను భావమును పరిశోధించుచుండెను. ఆ యర్థము నిచ్చు పెద్ద లాటిను మాటలను వెదకగా అవి యంతగా తోడ్పడలేదు. ఆ భావమంతయు 'లో' అను నర్థము గల 'ఇన్' అను చిన్న మాటతో ముడివడి యుండెను. ఆ మాట వచ్చు వాక్యములను 10,000 చీటీలపై చేతితో వ్రాసికొనెను. 1949లో ఐ.బి.యం. సంస్థాధిపతి తామస్ వాట్సనును దర్శించి యంత్ర సహాయమును సంపాదించెను. సుమారు ముప్పది యేండ్ల శ్రమ ఫలముగా, కోటికి పైగా పదముల సూచిక 56 సంపుటములలో అచ్చయ్యెను. ఈ కథలో మాకు నచ్చిన దొకటి కలదు. ఏ మాటను వెదకవలెనో చెప్పినది యంత్రము కాదు. గ్రంథమును చదివి చదివి అలసిన కన్ను చెప్పినది. చదువు ముందు, వెదకుట తరువాత. నేడు ఈ క్రమము తలక్రిందగుటయే మా యభ్యంతరమునకు మూలము.

ఒక యుదాహరణము చూపెదము. యోహాను సువార్త 21వ అధ్యాయమున యేసు పేతురును తనయెడ ప్రేమ గలదా యని ముమ్మారు అడుగును. తెలుగు బైబిలులో ముమ్మారును ఒకే మాట. కంప్యూటరులో ఆ మాటపై వ్రేలుంచినచో మొదటి రెండు ప్రశ్నలందు 25వ సంఖ్య గల 'అగపావో' యనియు, మూడవ ప్రశ్నయందును, పేతురు జవాబులన్నిటను 5368వ సంఖ్య గల 'ఫిలేవో' యనియు కనబడును. వెంటనే చదువరికి ఉత్సాహము పుట్టును. మొదటిది దివ్యమైన ప్రేమ, రెండవది వట్టి స్నేహము; యేసు పెద్దదానిని అడిగెను, పేతురు చిన్నదానిని ఇచ్చెను; తుదకు యేసే దిగివచ్చెను. ఇట్టి వ్యాఖ్య చేసిన ప్రసంగములు పెక్కు గలవు. వినుటకు ఇంపుగా నుండును. కాని నిలుచునా?

అదే సాధనమును ఇంకొక పూట ఓపికతో వాడి చూతము. తండ్రి కుమారుని ప్రేమించుటను గూర్చి యోహాను 3వ అధ్యాయపు 35వ వచనమున మొదటి మాటను, 5వ అధ్యాయపు 20వ వచనమున రెండవ మాటను వాడెను. యేసు ప్రేమించిన శిష్యుని గూర్చి 13వ అధ్యాయమున మొదటిది, 20వ అధ్యాయమున రెండవది. ఇంకను ముందుకు పోయి సెప్టువజింటులో సమూయేలు రెండవ గ్రంథము 13వ అధ్యాయము తెఱచినచో, అమ్నోను తన చెల్లెలగు తామారుపై పెంచుకొన్న పాపపు కోరికకును ఆ దివ్యమనబడిన 'అగపావో' యే వాడబడినది. పౌలు పేర వెలసిన తిమోతి రెండవ పత్రికలో దేమా యనువాడు ఈ లోకమును ప్రేమించి పోయెనన్న చోటను అదే మాట. పేతురు ఘట్టమునందే గొఱ్ఱెలకును, మేపుటకును, ఎఱుగుటకును కూడ రెండేసి మాటలు మార్చి మార్చి వాడబడినవి. మాట మార్చి చెప్పుట ఆ రచయిత శైలి యని తోచుచున్నది. అర్థము పదములో కాక వాక్యములో నుండునని జేమ్సు బారు అను విద్వాంసుడు 1961లో ప్రకటించిన గ్రంథమున గట్టిగా వాదించెను. ఆయన హెచ్చరిక ఫోనులో గ్రీకు చూచు నేటివారికి మఱింత యవసరము.

ఇందు విశేషమేమన, తొందరపాటు వ్యాఖ్యకు పురికొల్పినదియు, దానిని ఖండించు సాక్ష్యమును తెచ్చి యిచ్చినదియు ఒకే పరికరము. భేదమంతయు వాడువాని యోపికలో నున్నది. ఒక్క మారు నొక్కి ఆగినవానికి ప్రసంగము దొరకును. పది మారులు నొక్కి పది వచనములను ముందువెనుకలతో చదివినవానికి గ్రంథము దొరకును.

ఇక ఈ సాధనములు చేసిన మహోపకారమును చెప్పకున్న అన్యాయమగును. నాలుగవ శతాబ్దపు మధ్య కాలమున తోలుపై వ్రాయబడిన 'కోడెక్సు సైనాయిటికసు' అను ప్రతి సీనాయి కొండ దిగువనున్న సెయింట్ కాథరీను మఠములో నుండెను. 1844లో టిషెండార్ఫు అను జర్మను పండితుడు 43 పత్రములను లైప్జిగుకు కొనిపోయెను. 1859లో చూచిన పెద్ద భాగము సెంట్ పీటర్సుబర్గు చేరెను. 1933లో సోవియటు ప్రభుత్వము దానిని లక్ష పౌనులకు బ్రిటిషు మ్యూజియమునకు అమ్మెను. 1975లో మఠములోనే మఱికొన్ని పత్రములు బయల్పడినవి. ఇట్లు నాలుగు చోట్ల చెదరిన యొకే గ్రంథము 2009 జూలైలో కంప్యూటరు తెఱపై మరల నొక్కటైనది. ఏ దేశమును తన పత్రములను వదలుకొనలేదు. అయినను గ్రంథము కూడినది. దీనికంటె గొప్ప సేవ ఏ గ్రంథాలయము చేయగలదు?

అందులో మార్కు సువార్త చివరి పుట తెఱచి చూడవచ్చును. మన బైబిలులో 16వ అధ్యాయము 20 వచనములుగా నుండగా, ఆ ప్రతిలో 8వ వచనముతో సువార్త ముగిసి, వరుసలోని మిగిలిన భాగము ఖాళీగా నున్నది. ఆ ఖాళీని కంటితో చూచుట పదిమంది చెప్పగా వినుటకంటె బలమైనది. కాని ఇక్కడను ఒక్క మారు నొక్కి ఆగరాదు. ఆ ప్రతికి నూఱేండ్లకు పైగా ముందే, రెండవ శతాబ్దపు చివర, ఐరేనియసు అను సంఘ పితరుడు ఆ తరువాతి భాగములోని యొక వచనమును మార్కుదిగా పేర్కొనెను. ప్రాచీనమైన ప్రతి యొకవైపు, అంతకు మునుపటి సాక్షి యొకవైపు. ఆ భాగము తరువాత చేర్చబడినదనియే నేటి పండితులలో పెక్కుమంది యభిప్రాయము; అయినను చేర్పు ఎంత పాతదో ఐరేనియసు వలననే తెలియుచున్నది. రెండు సాక్ష్యములను ఒకే బల్లపై పెట్టుట సాఫ్టువేరు పని. తూచుట మన పని.

ఐరేనియసు పేరు వచ్చినది గనుక మా మఱియొక విమర్శను చెప్పెదము. ఈ గ్రంథాలయములు తమలో ఇన్ని వేల పుస్తకములు గలవని చెప్పుకొనును. వానిలో చవుకగా దొరకు సంఘ పితరుల సంపుటములు పెక్కు పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లానువాదములు, గ్రంథస్వామ్యము తీరిపోయినవి. అవి మంచివే, కాని వాని వయస్సు చదువరి మఱవరాదు. ఐరేనియసు తన గ్రంథమున 'జ్ఞానవాదులు' అనబడు వారిని తీవ్రముగా ఖండించెను. ఆ యనువాదములు వెలువడిన కాలమున, ఆ వాదుల మతమేమో తెలిసికొనుటకు ప్రధానాధారము వారి ప్రత్యర్థుల వ్రాతలే. 1945లో ఐగుప్తులోని నాగ్ హమ్మాది చేరువ ఒక జాడిలో 13 ప్రాచీన ప్రతులు బయల్పడినవి. తోమా సువార్త పూర్తి కోప్టిక్ పాఠము వానిలో నున్నది. ఆంగ్లములో వానియన్నిటి యనువాదము ఒక సంపుటముగా 1977లో వచ్చెను. పాత కట్టను మాత్రమే కొన్నవాని తెఱపై ఫిర్యాదిదారుని వాఙ్మూలము ఉన్నది. ప్రతివాది వాఙ్మూలము లేదు. అట్టి దస్త్రముపై తీర్పు వ్రాయుట ఏ కచేరీలోను చెల్లదు. పుస్తకముల సంఖ్యకంటె, ఏ పుస్తకము ఏ యేటిది, ఏది ఇందు లేదు అను ప్రశ్నయే ముఖ్యము.

ఆస్తి విషయమునను జాగ్రత్త వలయును. అచ్చు పుస్తకము కొన్నవానిది. సాఫ్టువేరు పుస్తకములో మనము కొనునది చదువు ననుమతి మాత్రమే. ఇరువదియాఱేండ్లు పండితుల మన్నన పొందిన 'బైబిలువర్క్సు' సంస్థ 2018 జూనులో మూతపడినది. కొన్నవారి యంత్రములలో అది యుండవచ్చును; కాని యంత్రము మారినప్పుడు దానిని సవరించు నాథుడు లేడు. కావున ప్రియమైన పుస్తకమును అచ్చులో నొకటి యింట నుంచుకొనుట మంచిదని మా మతము.

మన భాష మాటకు వత్తము. పద్దెనిమిదవ శతాబ్దపు తొలి భాగమున చెన్నపట్టణమందు బెంజమిను షుల్జు అను జర్మను పాదిరి బైబిలును తెలుగు చేసెను. అది అచ్చు కాలేదు. తెలుగు క్రొత్త నిబంధన 1818లో శ్రీరామపురమున అచ్చయ్యెను. నేడు తెలుగు బైబిలు ఫోనులో ఉచితముగా లభించుచున్నది. చదివి వినిపించు గొంతుకయు కలదు. కాని మేము చూచిన సాధనములో గ్రీకు మాటకు వివరణ అంతయు ఆంగ్లములోనే. తెలుగు చదువరి గ్రీకునకు ఆంగ్లమను వంతెన మీదుగా పోవలసి యున్నది. 'అగపావో'కు ఆంగ్లములో ఏమందురో తెలిసికొని, దానిని తెలుగు చేసికొని, అదియే గ్రీకు అర్థమని నమ్ముట రెండు చేతులు మారిన నకలును అసలని నమ్ముట వంటిది. తెలుగు మాటల ద్వారా గ్రీకు నేర్పు నిఘంటువు నొకదానిని ఇట్టి సాధనములలో చేర్చుట తెలుగు వేదాంత కళాశాలలు తలపెట్టదగిన పని. అది క్రైస్తవులకే కాదు, తెలుగు భాషకే యలంకారము.

తుదకు, ఓరిగెను రెండవ వరుస మా మనస్సును విడువకున్నది. హీబ్రూ మాటలే, గ్రీకు అక్షరములలో. ఆ వరుస ఎవరి కొఱకో పండితులు పలువిధములుగా చెప్పుదురు. మాకు మాత్రము మన యిండ్లే తలపునకు వచ్చుచున్నవి. బళ్ళారిలో మన బిడ్డలు తెలుగు పద్యమును కన్నడ లిపిలో వ్రాసికొని వల్లించుచున్నారు. చెన్నపట్టణమున తమిళ లిపిలో, బరంపురమున ఒడియా లిపిలో, షోలాపురమున దేవనాగరిలో. దీనిని తప్పని యనము. ఉచ్చారణమైనను నిలిచినది గదా! కాని రెండవ వరుసకు ప్రక్కనే మొదటి వరుస యున్నదని మఱవరాదు. కన్ను ఒక్కొక్క దినము ఒక్కొక్క మాట చొప్పున ఎడమకు జరిగినచో, అక్షరము లేర్పడును, భాష దక్కును. జరుగకున్నచో రెండవ వరుసయే ఇల్లగును. మొదటి వరుస వట్టి యలంకారమై మిగులును.

కంప్యూటరు గ్రంథాలయమును గూర్చి మా తీర్పును ఇదే కొలతతో చెప్పుచున్నాము. భాష రానివానికి మూలమును చూపుట దాని సుగుణము. చూపినంతనే వచ్చినదను భ్రమను కలిగించుట దాని దోషము. ఆ సాధనమును వాడి యేడాది గడచిన తరువాత ఒకడు నాలుగు గ్రీకు అక్షరములైనను గుర్తింపగలిగెనా, ఒక సువార్తనైనను మొదటినుండి తుదివఱకు వెదకుట మాని చదివెనా యని ప్రశ్నించుకొనవలెను. అవునన్నచో వెచ్చించిన పైకము సార్థకము. మన యువకులు తమ గ్రంథము బైబిలైనను, భారతమైనను, వేమన పద్యములైనను, ఈ ప్రశ్ననే తమకు వేసికొందురు గాక.